ఎగరని చిలుక

అది ఏ కాలమో నాకు చెప్పినవాళ్ళకే తెలియదు గానీ, పద్మగిరి అనే రాజ్యాన్ని భద్రసేనుడనే రాజు పాలిస్తూ ఉండేవాడు. ఆయన భార్య విమలాదేవి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు, నడిమివాడు మణిమంతుడు, చిన్నవాడు ఉదయుడు.

శూరసేనుడు కత్తి పట్టాడంటే చూడటానికి ఊరు ఊరంతా కదిలి వచ్చేది. గాలిలోకి ఎగరేసిన నిమ్మకాయ కింద పడేలోగా దాన్ని ముక్కలు చేసేవాడు. మణిమంతుడికి గుర్రాలంటే ప్రాణం. ఉదయుడికి ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. వాడికి తిండి, అల్లరి, ఈ రెండే తెలుసు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి దగ్గర ఒక వంకర కత్తి ఉంది. దాని పదును ఒంటికి తాకితే చాలు, మనిషి రాయి అయిపోతాడు. వాడు ఒక కాకి చేత భద్రసేనుడికి కబురు పంపాడు. "నా కాళ్ళకు మొక్కు. లేదంటే రాయివై పడి ఉండు" అని. భద్రసేనుడు నవ్వి, ఆ కాకిని తరిమించాడు. తరువాత ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

మామిడి చెట్లు పూత మీద ఉన్న రోజుల్లో శూరసేనుడికి యువరాజ పట్టం కట్టారు. ఆ మధ్యాహ్నం కోటలో పెద్ద విందు. అరిటాకుల ముందు రాజూ, కొడుకులూ, సేనాపతీ, మంత్రులూ వరసగా కూర్చున్నారు. విమలాదేవి తానే కొసరి కొసరి వడ్డిస్తోంది. ఒక చిన్న దాసీపిల్ల ఆమె వెనకాలే అప్పడాల బుట్ట పట్టుకుని తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడు, పిల్లలూ, ఆ గది తలుపు తెరుచుకుంది. కరాళుడు లోపలికి వచ్చాడు.

వాడు అరవలేదు. గంతులు వేయలేదు. ఆలస్యంగా వచ్చిన చుట్టంలా మామూలుగా నడిచి వచ్చాడు. చేతిలో మాత్రం ఆ వంకర కత్తి మెరుస్తోంది.

అప్పుడు ఎవరెవరు ఏం చేశారో వినండి. సేనాపతి ఆకు మీద తల వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒక మంత్రి "తలుపు వేయండి, తలుపు వేయండి" అని మెల్లగా గొణుగుతూ ఉండిపోయాడు. నెయ్యి వడ్డించేవాడు, చూపు కత్తి మీదే ఉంచి, చెంబు ఖాళీ అయ్యేదాకా ఒకే విస్తరిలో నెయ్యి పోస్తూనే ఉన్నాడు. మణిమంతుడు లేచాడు, పరుగెత్తాడు. ఎటు వెళ్ళాడో, ఏ గోడ దూకాడో వాడికే తెలియదు. తెలివి వచ్చేసరికి గుర్రాలశాలలో గడ్డిమోపు వెనక ఉన్నాడు.

మరి శూరసేనుడు? ఆయన చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. లాగమని తనకు తానే చెప్పుకుంటున్నాడు. చెయ్యి వినడం లేదు. కాలు వినడం లేదు. గొంతులోంచి మాట రావడం లేదు. కళ్ళు మాత్రం అన్నీ చూస్తున్నాయి. కరాళుడు తండ్రి ముందు నిలబడటం చూశాయి. కత్తి పైకెత్తడం చూశాయి.

అంతలో చిన్నవాడు ఉదయుడు చేతికందిన సాంబారు గుండిగ ఎత్తి వాడి మీదికి విసిరాడు. కరాళుడు తూలాడు. రాజు మీదికి దిగవలసిన కత్తి పక్కకు తిరిగింది. పక్కన విమలాదేవి ఉంది. దాసీపిల్లను వెనక్కి లాగి ఆమె ముందుకు వచ్చింది. కత్తి మొన ఆమె భుజానికి తాకింది. మరుక్షణం ఆమె రాయి అయిపోయింది.

కరాళుడు ఉదయుణ్ణి గోడకేసి కొట్టాడు. ఉదయుడి చెయ్యి విరిగింది. "ఈ పూత పండయ్యేలోగా మళ్ళీ వస్తాను. అప్పుడు రాజు వంతు" అన్నాడు కరాళుడు. వచ్చినంత మామూలుగానే నడిచి వెళ్ళిపోయాడు.

ఇక ఊళ్ళో నాలుకలకు పని దొరికింది. ఉదయుణ్ణి సింహమన్నారు. మణిమంతుణ్ణి పిల్లి అన్నారు. శూరసేనుణ్ణి ఏమనాలో తెలియక నిమ్మకాయల వీరుడన్నారు. మణిమంతుడు ఆ మాట వినలేక గుర్రాలశాల దాటి బయటికి రావడం మానేశాడు. శూరసేనుడు తల్లి శిల దగ్గర కూర్చుని కత్తి దూయడం, మళ్ళీ ఒరలో పెట్టడం, అదే పనిగా పెట్టుకున్నాడు. ఇప్పుడు చెయ్యి చక్కగా ఆడుతోంది. అదే ఆయనకు మరింత బాధ.

ఒక తెల్లవారుజామున ఆయన తల్లి పాదాలకు మొక్కి బయలుదేరాడు. కోట గుమ్మం దగ్గర ఉదయుడు చెయ్యి కట్టుతో ఎదురొచ్చాడు.

"ఎక్కడికి అన్నయ్యా?"

"కరాళుడి దీవికి."

"నేనూ వస్తాను."

"నీ చెయ్యి విరిగింది. నువ్వు నాన్నగారి దగ్గర ఉండాలి. ఎలాగూ ఆ రోజు ఆయన్ని కాపాడింది నువ్వే కదా."

ఉదయుడు తల వంచుకున్నాడు. "నేను గుండిగ విసరకపోతే కత్తి అమ్మ వైపు తిరిగేది కాదు. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే అన్నం సయించడం లేదు అన్నయ్యా. నేనేమీ ఆలోచించలేదు. నా చెయ్యి లేచింది, అంతే. నీ చెయ్యి లేవలేదు. రెండూ మనం చెబితే జరిగినవి కావు."

శూరసేనుడు తమ్ముణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. తల నిమిరి వెళ్ళిపోయాడు.

అడవులు దాటాడు, కొండలు దాటాడు, చివరికి మొదటి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ పెద్ద బండంత ఆడ తాబేలు ఒకటి వెల్లకిలా పడి, ఎండలో కాళ్ళు కొట్టుకుంటోంది. శూరసేనుడు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, దాన్ని బోర్లా తిప్పాడు.

"చల్లగా ఉండు నాయనా" అంది తాబేలు. "పొద్దుటి నుంచీ పడి ఉన్నాను. ఎక్కడికి పోతున్నావు?"

శూరసేనుడు దాచకుండా అంతా చెప్పాడు. నిమ్మకాయల వీరుడన్న మాట కూడా చెప్పాడు.

తాబేలు చాలాసేపు కళ్ళు మూసుకుని విన్నది. "కరాళుడి దీవి నాకు తెలుసు. నా గుడ్లన్నీ వాడు కత్తితో తాకి రాళ్ళు చేశాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. అక్కడి జామతోటలో ఒక చిలుకలో ఉంది. కానీ ఆ తోట నిండా చిలుకలే. అన్నీ ఒకే పచ్చ, అన్నీ ఒకే ఎరుపు ముక్కు. ఒక్కదాన్ని పొరపాటున చంపావో, అసలుది సముద్రాలు దాటి ఎగిరిపోతుంది. నా వీపు ఎక్కు. తీసుకుపోతాను."

శూరసేనుడు ఎక్కలేదు. "వాడు ఎదురుపడితే నేను మళ్ళీ అలాగే బిగుసుకుపోతానేమో తాబేలమ్మా."

"పోతావు" అంది తాబేలు. "అలికిడి అయితే నేను తల లోపలికి లాక్కుంటాను. నన్నెవరైనా పిరికిదన్నారా? మా వాళ్ళంతా అలా బతికినవాళ్ళే. బిగుసుకుపోవడం తప్పు కాదు. మళ్ళీ బయటికి ఎలా రావాలో తెలియాలి, అంతే. భయం వచ్చినప్పుడు ఒళ్ళంతా తాళం పడుతుంది. పెద్ద తలుపు తోయకు, అది తెరుచుకోదు. చిన్న కిటికీ తెరు. ముందు ఊపిరి వదులు. తరువాత కాలి చిటికెన వేలు కదుపు. ఆ తరువాత ఏదో ఒక మాట అను. ఏ మాటైనా సరే."

శూరసేనుడు వీపు ఎక్కాడు. తాబేలు ఈదుతూ ఈదుతూ, మొదటి సముద్రం నడిమధ్యలో, ఉన్నట్టుండి బుడుంగున మునిగింది.

శూరసేనుడు బిగుసుకుపోయాడు. చేతులు ఆడలేదు. రాయిలా కిందికి దిగిపోతుంటే తాబేలే వచ్చి పైకి తేల్చింది.

"ఇదేం పని?" అని దగ్గుతూ అరిచాడు.

"కిటికీ తెరవలేదేం?"

"ముందుగా చెప్పవచ్చు కదా!"

"చెప్పి వస్తే అది భయమెలా అవుతుంది నాయనా?"

మూడో సముద్రంలో మళ్ళీ మునిగింది. ఈసారి నీళ్ళలోనే ఆయన ఊపిరి వదిలాడు, బుడగలు లేచాయి. చిటికెన వేలు కదిలింది. పైకి వచ్చేసరికి కళ్ళు తిరిగాయి గానీ తనంత తానే వచ్చాడు. ఐదో సముద్రంలో మునిగినప్పుడు భయం అంతే వేసింది. కానీ చేతులు త్వరగా దొరికాయి. "తాబేలమ్మా, నీ కడుపు చల్లగుండ, ఇక చాలు!" అని అరిచాడు. తాబేలు పకపక నవ్వింది.

ఏడో సముద్రం అవతలి ఒడ్డున, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, దీవి కనిపించింది. ఒడ్డు పొడుగునా శిలలే. పరుగెడుతున్న మనిషి శిల. చేతులడ్డం పెట్టుకున్న మనిషి శిల. బిడ్డను పొదువుకున్న తల్లి శిల. శూరసేనుడు వాళ్ళ మధ్య నుంచి నడిచాడు.

జామతోట దగ్గర ఒక అమ్మాయి బావిలోంచి నీళ్ళు తోడుతోంది. ఆయన్ని చూసి చేంతాడు వదిలేసింది.

"ఎవరు మీరు? వాడు లేని వేళ చూసి వచ్చారా, తెలియక వచ్చారా?"

"తెలిసే వచ్చాను. పద్మగిరి రాజు పెద్ద కొడుకుని. వాడి ప్రాణం కోసం వచ్చాను. నువ్వెవరు?"

"నా పేరు హేమలేఖ. రత్నతీరం రాజు కూతుర్ని. ఒకరోజు వాడు మా కోటకు వచ్చాడు. నాన్నను శిల చేశాడు." ఆమె గొంతు తగ్గింది. "అప్పుడు నేనేం చేశానో తెలుసా? నవ్వాను. నాన్న రాయి అవుతుంటే నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వాడు నన్ను ధైర్యవంతురాలని అనుకున్నాడు. పెళ్ళి చేసుకుంటానని ఎత్తుకొచ్చాడు. రోజూ అడుగుతాడు, రోజూ కాదంటాను. మా వాళ్ళంతా ఏమనుకుంటున్నారో. తండ్రి చస్తుంటే నవ్విందని."

"వాడు మా కోటకు వచ్చినప్పుడు నేను కదల్లేకపోయాను" అన్నాడు శూరసేనుడు. "మా ఊళ్ళో కత్తి నాకంటే బాగా తిప్పేవాడు లేడు. అయినా చూస్తూ నిలబడ్డాను."

తన సంగతి ఇంకొకరికి అర్థమవుతుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు మరి.

"చిలుకలో ఉందని నాకూ తెలుసు. ఏ చిలుకో తెలియదు" అంది హేమలేఖ. "పండు పెట్టి చూశాను, పేరు పెట్టి పిలిచాను. అన్నీ ఒకటే. వాడు రావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది. మనం ఒక్కొక్క చెట్టూ..."

ఆమె మాట పూర్తి కాలేదు. శూరసేనుడి వెనక ఎండుటాకు చిట్లింది.

ఆయన తిరిగి చూశాడు. కరాళుడు. చెయ్యి చాస్తే అందేటంత దూరంలో. కత్తి అప్పటికే పైకి లేచి ఉంది.

శూరసేనుడు బిగుసుకుపోయాడు. అదే తాళం, అదే చల్లదనం. చెయ్యి పిడి దగ్గర ఆగిపోయింది. కళ్ళు మాత్రం అన్నీ చూస్తున్నాయి. కత్తి అంచున పడిన ఎండ చూశాయి. వాడి పళ్ళ సందున ఇరుక్కున్న పోక ముక్క చూశాయి.

ఊపిరి. ఊపిరి వదులు.

వదిలాడు.

కాలి చిటికెన వేలు. ఇసుకలో అది రవ్వంత కదిలింది.

మాట. ఏ మాటైనా సరే.

"భోంచేశారా?" అన్నాడు శూరసేనుడు.

కరాళుడి కత్తి గాలిలో ఆగింది. వాణ్ణి చూసి ఏడ్చినవాళ్ళున్నారు, కాళ్ళ మీద పడ్డవాళ్ళున్నారు. ఆ మాట అడిగినవాడు ఎవడూ లేడు. "ఏమన్నావు?" అన్నాడు.

హేమలేఖకు నవ్వు వచ్చేసింది. కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, పెద్దగా నవ్వింది. "నన్ను చూసి నవ్వుతావా!" అని కరాళుడు ఆమె వైపు తిరిగాడు. కత్తి ఆమె వైపు దిగబోయింది.

శూరసేనుడి చెయ్యి తన సొంత కత్తి దూయడానికి ఇంకా సిద్ధంగా లేదు. కానీ కాలు కదిలింది. ఆయన ఒక్క అడుగు ముందుకు వేసి, గొంతు చించుకుని కేక పెట్టి, కరాళుడి మణికట్టు పట్టుకున్నాడు.

ఇన్నేళ్ళలో ఇలా దగ్గరికి వచ్చి కరాళుడి మీద చెయ్యి వేసినవాడు లేడు. అందరూ వాడి నుంచి దూరంగా పోయినవాళ్ళే. ఆ కేక చెవిన పడగానే, ఆ పట్టు చేతికి తగలగానే, వాడి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. శూరసేనుడి చేతిలో ఆ మణికట్టు కొయ్యలా బిగుసుకుంది. ఆ బిగువు ఏమిటో శూరసేనుడికి బాగా తెలుసు.

ఆ కేకకు తోటంతా అదిరింది. చిలుకలన్నీ ఒక్కసారిగా కీచుమంటూ రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి. ఆకాశం పచ్చబడింది. చెట్లు ఖాళీ అయ్యాయి.

ఒక్క చిలుక మాత్రం ఎగరలేదు. బావి పక్క కొమ్మ మీద, ముక్కున జామ ముక్క పట్టుకుని, రెక్కలు సగం విప్పి, బిగుసుకుని కూర్చుంది. శూరసేనుడి చూపు దాని మీద పడింది.

"హేమలేఖా! నీ తల మీద కొమ్మ! ఎగరని చిలుక!"

హేమలేఖ ఇంకా నవ్వుతూనే, ఏడుస్తూనే చెయ్యి చాచి, పండు కోసినట్టు ఆ చిలుకను పట్టుకుంది.

అప్పటికి కరాళుడు తేరుకున్నాడు. శూరసేనుణ్ణి ఒక్క తోపు తోసి నేల మీద పడేసి, గుండెల మీద కాలు పెట్టాడు. కత్తి మొన ఆయన మెడకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. "చిలుకను వదిలిపెట్టు. లేదంటే వీడు రాయి."

హేమలేఖ పిడికిలి బిగించింది. కరాళుడికి ఊపిరి ఆడలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కత్తి చేతిలోంచి జారింది. శూరసేనుడు ఒక్క ఊపున దాని పిడి అందుకుని లేచాడు.

"రాళ్ళయినవాళ్ళు తిరిగి మనుషులు ఎలా అవుతారు? చెప్పు" అంది హేమలేఖ.

"పదును తాకితే రాయి, పిడి తాకితే మనిషి" అని రొప్పుతూ చెప్పాడు వాడు. "చెప్పేశాను కదా. దాన్ని వదులు తల్లీ."

ఆమె వేళ్ళు కాస్త సడలాయి. ఆ కాస్త చాలు వాడికి. కాళ్ళ మీద పడేవాడిలా వంగి, ఒక్క ఉదుటున ఆమె గొంతు మీదికి దూకాడు. ఈసారి హేమలేఖ నవ్వలేదు. చిలుక మెడ తిప్పేసింది. కరాళుడు ఆమె పాదాల దగ్గర పడ్డాడు, మళ్ళీ లేవలేదు.

ఆమె చాలాసేపు ఆ చచ్చిన చిలుకను అరచేతిలో పెట్టుకుని నిలబడింది. తరువాత జామచెట్టు మొదట్లో గుంట తీసి దాన్ని పూడ్చింది. శూరసేనుడు పక్కన కూర్చుని మట్టి సర్దాడు.

తరువాత ఒడ్డు మీది శిలలను పిడితో తాకుతూ వెళ్ళారు. పరుగెడుతున్నవాడు ఇంకొంత దూరం పరుగెత్తి ఆగాడు. బిడ్డ ఏడ్చింది, తల్లి దానికి పాలిచ్చింది. తాబేలు గుడ్లను తాకితే, అవి అక్కడికక్కడే చిట్లి, పిల్లలు బిలబిలా నీళ్ళలోకి దిగాయి. తాబేలు ఇద్దర్నీ వీపున ఎక్కించుకుని రత్నతీరంలో ఆగింది. హేమలేఖ తండ్రి కళ్ళు తెరిచి, "అమ్మాయి ఏదీ?" అన్నాడు. ఆమె ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, "నవ్వాను నాన్నా, నవ్వాను" అని ఏడ్చింది. ఆయనకేమీ అర్థం కాలేదు. "నవ్వితే నవ్వావులేమ్మా, నువ్వు బతికున్నావు, అది చాలు" అన్నాడు.

పద్మగిరిలో అప్పటికి మామిడికాయలు ముదిరాయి. జనం తలుపులు వేసుకుని బతుకుతున్నారు. శూరసేనుడు తల్లిని చూడాలన్న ఆత్రంలో తన చేతిలో ఏముందో మరిచాడు. ఆ వంకర కత్తి పట్టుకుని కోట గుమ్మంలోంచి పరుగున వచ్చాడు. మెరుపు చూసిన కావలివాడు ఈటె పారేశాడు. దాసీలు కేకలు పెట్టారు. "వచ్చాడు! వాడు వచ్చాడు!" అని కోటంతా గగ్గోలు.

శూరసేనుడు శిల ఉన్న గదిలోకి అడుగు పెట్టాడు. శిలకు అడ్డంగా ఒకడు నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ బారచాచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళంతా ఎండుటాకులా వణుకుతూ నిలబడి ఉన్నాడు. మణిమంతుడు.

"అమ్మను తాకకు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ముందు నన్ను రాయి చెయ్యి."

శూరసేనుడు కత్తిని ఉత్తరీయంలో చుట్టేశాడు. "తమ్ముడూ, నేనురా."

మణిమంతుడు ఒక కన్ను తెరిచాడు. తరువాత రెండోది. తరువాత అన్న భుజం మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ అలికిడికి రాజూ ఉదయుడూ పరుగెత్తుకొచ్చారు. అందరి ముందూ శూరసేనుడు కత్తి పిడిని తల్లి భుజానికి ఆనించాడు.

విమలాదేవికి కాలం గడిచినట్టు తెలియదు. ఆమెకు అది ఇంకా ఆ మధ్యాహ్నమే. ఆ రోజు గొంతులో ఆగిపోయిన కేక ఇప్పుడు బయటికి వచ్చింది.

"పారిపోండి నాయనా! ముగ్గురూ పారిపోండి!"

మణిమంతుడు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆమె చుట్టూ చూసి, కొడుకుల ముఖాలు ఒక్కొక్కటే తడిమి, "ముగ్గురూ ఉన్నారు కదా" అంది. "ఆ అప్పడాల పిల్ల ఏదీ? దానికేం కాలేదు కదా?" ఆ పిల్ల తలుపు చాటు నుంచి ఏడుస్తూ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

పండిన మామిడిపళ్ళతోనే పెళ్ళి విందు జరిగింది. శూరసేనుడికీ హేమలేఖకూ పెళ్ళంటే రత్నతీరం నుంచి ఓడలు వరస కట్టి వచ్చాయి. తాబేలు ఒడ్డుదాకా వచ్చి అక్షతలు వేసి వెళ్ళింది. ఆ వంకర కత్తితో ఇక పని లేదని ఏడో సముద్రం అడుగున పడేసింది కూడా అదే.

భద్రసేనుడి తరువాత శూరసేనుడు రాజయ్యాడు. ఆయన ఏలుబడిలో ఒకసారి దొంగలు కత్తులతో ధాన్యం కొట్టు మీద పడితే, కావలివాడు పారిపోయి చెరువులో దాక్కున్నాడు. మరునాడు వాణ్ణి పట్టి సభకు తెచ్చారు. "వీడికి కొరడా దెబ్బలు వేయించాలి మహారాజా" అన్నాడు మంత్రి. కావలివాడు తల ఎత్తలేదు. వాడి బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

రాజు రాణి వైపు చూశాడు. హేమలేఖ అప్పటికే లేచి, పొడి పంచె తెమ్మని దాసీని పంపుతోంది.

"రాత్రంతా నీళ్ళలో ఉన్నాడు" అన్నాడు శూరసేనుడు. "ముందు వేడి అన్నం పెట్టండి. తిన్నాక మాట్లాడదాం."

అలా ఆ ఇద్దరూ తల నెరిసేదాకా, మనవలకు పెళ్ళిళ్ళు అయ్యేదాకా, పద్మగిరిని చల్లగా ఏలారు.